ప్రభుత్వ ప్రకటన చదవడం ఎలా? - 4వ పాఠం: ఎనిమిది నెలలు ఆలస్యంగా వచ్చిన అంకె

ప్రకటన తేదీనీ, దాన్ని విడుదల చేసిన శాఖనూ పట్టుకోవడం గత పాఠంలో సాధన చేశాం. ఈసారి పని ఇంకొంచెం కష్టం: ప్రకటనలో రాయని సంగతిని చదవాలి. అందుకు లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో భారత, చైనా సైనికుల మధ్య జరిగిన ఘర్షణను తీసుకుందాం.

ముందు నోటు పుస్తకంలో అడ్డంగా ఒక గీత గీసి తేదీలు వేయండి. 2020 జూన్ 15 రాత్రి ఘర్షణ జరిగింది. జూన్ 16న భారత సైన్యం మొదట ముగ్గురు మరణించారని చెప్పి, ఆ రాత్రే ఆ సంఖ్యను 20కి సవరించింది. మృతుల పేర్లు బయటికొచ్చాయి. కర్నల్ సంతోష్‌బాబు అంత్యక్రియలు సూర్యాపేటలో అందరి కళ్లెదుటే జరిగాయి. అదే వారం బీజింగ్‌లో విలేకరులు చైనా వైపు ఎంతమంది చనిపోయారని అడిగితే, చైనా విదేశాంగ ప్రతినిధి సంఖ్య చెప్పలేదు. చైనా వైపు అంకె వచ్చిన తేదీ 2021 ఫిబ్రవరి 19. గీత మీద భారత్ అంకె వచ్చిన తేదీకీ దీనికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి.

ఆ రోజు చైనా సైనిక పత్రిక పీఎల్ఏ డైలీ నలుగురు చనిపోయారని రాసింది. అయితే అది మృతుల ప్రకటనగా రాలేదు, చైనా సైన్యాన్ని నడిపే కేంద్ర సైనిక కమిషన్ ఇచ్చిన బిరుదులు, గౌరవాల వార్తగా వచ్చింది. మరణవార్తను వీరగాథలో పొదిగితే చదివేవాడికి చప్పట్లు కొట్టే వీలుంటుంది గాని, ప్రశ్న అడిగే చోటు మిగలదు. ఇలాంటి ప్రకటన ఎదురైతే 'ఇది ఏమి చెబుతోంది' అని అడిగి ఆగకండి, 'ఇప్పుడే ఎందుకు' అని కూడా అడగండి. లద్దాఖ్‌లోనే పాంగాంగ్ సరస్సు దగ్గర రెండు సైన్యాలూ వెనక్కి తగ్గడం ఫిబ్రవరి 10న మొదలైంది. రెండు సైన్యాల కమాండర్ల పదో విడత చర్చలు ఫిబ్రవరి 20న జరిగాయి. ఈ రెండు తేదీలనూ గీత మీద చేర్చండి.

ఇప్పుడు అసలు మెలకువ. ఆ కథనాన్ని చైనాలోనే ఒకాయన శ్రద్ధగా చదివాడు. ఆయన చియు త్సుమింగ్. ఒకప్పుడు పరిశోధనాత్మక విలేకరి, చైనా సామాజిక మాధ్యమం వీబోలో లక్షల మంది అనుచరులున్నవాడు. ఆయన చేతిలో రహస్య పత్రాలేవీ లేవు. కథనం చెప్పినట్టు సహచరులను కాపాడడానికి వెళ్లినవాళ్లే చనిపోయారంటే, కాపాడలేకపోయినవాళ్లు కూడా ఉండి ఉంటారు కదా అన్నాడు. అందరికంటే పై హోదాలో ఉన్న అధికారి బతికి బయటపడడాన్నీ ఎత్తిచూపాడు. అధికారిక వాక్యాలను పక్కపక్కన పెట్టి పొసగనిచోట వేలు పెట్టడం, ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసిన నైపుణ్యం సరిగ్గా ఇదే.

ఆ నైపుణ్యానికి ఆయనకు దక్కినది ఎనిమిది నెలల జైలు, బహిరంగ క్షమాపణ చెప్పాలన్న ఆదేశం. వీరులనూ అమరులనూ కించపరచడాన్ని నేరం చేసిన శిక్షాస్మృతి సవరణ కింద ఆ శిక్ష పడింది. ఆ సవరణ అమలులోకి వచ్చింది 2021 మార్చి 1న. ఆయన రాసింది ఫిబ్రవరిలో! ఒక పాఠకుడు ప్రశ్న అడిగినందుకు ఇలా శిక్షించడం నాకు ఆ నాలుగు అనే అంకె కన్నా ఎక్కువ కలవరం కలిగిస్తుంది. అంకెను నమ్మాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు, దాన్ని ప్రశ్నించినవారికి ఏమైందన్నది కూడా లెక్కలోకి తీసుకోండి.

ఒక జాగ్రత్త. చియు తర్కం నలుగురికి మించి చనిపోయి ఉండవచ్చన్న అనుమానం దాకానే తీసుకెళ్తుంది, ఎంతమందో చెప్పదు. ఫిబ్రవరి 10న రష్యా వార్తా సంస్థ టాస్ చైనా సైనికులు 45 మంది చనిపోయారని రాస్తే మన దగ్గర చాలామంది సంబరంగా పంచుకున్నారు. దానికీ అదే పరీక్ష పెట్టండి: ఎవరు చెప్పారు, వారికి ఎలా తెలిసింది? జవాబు దొరకకపోతే, మనసుకు ఎంత నచ్చినా సరే, ఆ అంకె పక్కన ప్రశ్నార్థకం వేసి ఉంచండి.

అభ్యాసం: 2020 ఆగస్టులో మన రక్షణ శాఖ వెబ్‌సైట్‌లో లద్దాఖ్‌లో చైనా చొరబాట్లను ప్రస్తావించిన పత్రం కనిపించి, వెంటనే మాయమైంది. అప్పటి వార్తలు వెతికి, ఇదే పద్ధతిలో కాలరేఖ గీయండి. పత్రం తీసేయడానికి ముందూ తర్వాతా ప్రభుత్వం ఏమన్నదో రెండు నిలువు వరుసల్లో రాయండి. సొంత దేశమని చేయి వెనక్కి తీయకండి.

వచ్చే పాఠం: 2023లో భారత్, చైనాలు ఒకరి విలేకరులకు మరొకరు వీసాలు నిరాకరించి దాదాపు అందరినీ వెనక్కి పంపేశాయి. విలేకరి లేనిచోటి నుంచి వచ్చే వార్తను ఎలా చదవాలో చూద్దాం.