హాజరు పట్టీతో మొదలుపెట్టండి: ఊరి పిల్లలు అక్రమ రవాణాకు గురికాకుండా బడి, ఊరు కలిసి చేయవలసిన పని

పిల్లల్ని ఎత్తుకుపోయేవారంటే ముఖానికి గుడ్డ కట్టుకుని వ్యానులో వచ్చే అపరిచితులని మనం ఊహించుకుంటాం. వాట్సాప్‌లో తిరిగే వదంతులు కూడా ఆ ఊహనే పెంచుతాయి. నిజానికి పిల్లవాణ్ణి తీసుకుపోయేది చాలాసార్లు ఆ ఇంట్లో మంచినీళ్లు తాగి, తల్లిదండ్రుల చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, పగటిపూటే బస్సు ఎక్కించే మనిషి. అతడు కూలీలను కుదిర్చే మేస్త్రీ కావచ్చు, దూరపు చుట్టం కావచ్చు, సంబంధం తెచ్చానని చెప్పే మధ్యవర్తి కావచ్చు. గద్వాల, కర్నూలు ప్రాంతాల విత్తన పత్తి చేలకు క్రాసింగ్ (పూలను చేత్తో పరాగ సంపర్కం చేసే) పనికి ఆడపిల్లలు వెళ్లినా, ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి కుటుంబాలు పిల్లలతో సహా తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చినా, బిహార్ పిల్లలు హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో తేలినా, కదిరి పరిసరాల నుంచి అమ్మాయిలు పుణె, ముంబై, ఢిల్లీలకు చేరినా, దారి తెరిచింది అప్పు, అడ్వాన్సు, తెలిసిన ముఖం. వీరిలో బడి ఈడు పిల్లలు ఊరు విడిచేముందే బడి మానేసి ఉంటారు. అందుకే ఈ పని హాజరు పట్టీ దగ్గర మొదలవ్వాలి.

ముందుగా చట్టం దేనిని నేరమంటుందో ప్రధానోపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, గ్రామ సమాఖ్య (ఊరి మహిళా పొదుపు సంఘాల కూటమి) సభ్యులు తెలుసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 143వ సెక్షన్ ప్రకారం, దోపిడీ కోసం ఒక మనిషిని బెదిరించో, మోసగించో, ఆశపెట్టో పనిలో చేర్చుకోవడం, తరలించడం, దాచి ఉంచడం, మరొకరికి అప్పగించడం, అలా వచ్చినవారిని స్వీకరించడం అన్నీ అక్రమ రవాణాయే. బాధితుల సమ్మతి ఉందా లేదా అన్న ప్రశ్నకు ఇక్కడ విలువ లేదు కాబట్టి, ‘పిల్లే వస్తానంది’ అనే మాట నేరస్థుణ్ణి కాపాడదు. బాధితులు పిల్లలైతే కనీస శిక్ష 10 ఏళ్లు, ఒకరికంటే ఎక్కువ మంది పిల్లలైతే 14 ఏళ్లు. రెండింటిలోనూ యావజ్జీవం వరకూ పడవచ్చు. పెళ్లి పేరుతో జరిగే తరలింపు కూడా చట్టం దృష్టిలో ఉంది. మైనరును అమ్మి గానీ మోసంతో తీసుకుపోయి గానీ చేసిన పెళ్లి అసలు చెల్లదని 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టంలోని 12వ సెక్షన్ చెబుతుంది.

ఇక పట్టీ సంగతి. వరుసగా రెండు రోజులు రాని పిల్లల పేర్లను తరగతి ఉపాధ్యాయులు వేరే నోటుపుస్తకంలో రాసుకుని, మూడో రోజు సాయంత్రంలోగా ఎవరో ఒకరు ఇంటికి వెళ్లే ఏర్పాటు చేసుకోవాలి. ఉపాధ్యాయుడే వెళ్లనక్కరలేదు, ఆ వీధిలో ఉండే మహిళా సంఘం సభ్యురాలు వెళితే తల్లి ఇంకాస్త మనసు విప్పి మాట్లాడుతుంది. అక్కడ తెలుసుకోవలసినవి కొన్నే: పిల్ల ఎవరితో వెళ్లింది, ఏ ఊరికి, ఏ పనికి, అక్కడి ఫోన్ నంబరు ఏది, ఇంట్లో ఎవరైనా డబ్బు తీసుకున్నారా, తిరిగి ఎప్పుడు వస్తుందన్నారు. జవాబుల్లో ఊరి పేరు లేకుండా ‘సిటీలో’ అని మాత్రమే ఉన్నా, ఫోన్ ఎప్పుడూ మేస్త్రీయే ఎత్తుతున్నా, ఆ సాయంత్రమే బడి విద్యా కమిటీకి చెప్పాలి. పత్తి పూతకు వచ్చి క్రాసింగ్ మొదలయ్యే వానాకాలంలోను, బట్టీలకు మనుషుల్ని కుదుర్చుకునే చలికాలపు మొదట్లోను, పరీక్షలు అయిపోయి బడి మూతపడే వేసవిలోను ఈ నోటుపుస్తకాన్ని మరింత శ్రద్ధగా చూడాలి.

టీసీ అడిగినప్పుడు ఇవ్వకుండా ఆపడం పరిష్కారం కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం దాన్ని వెంటనే ఇవ్వాల్సిందే. అయితే చేరబోయే బడి పేరు రాయించుకుని, పదిహేను రోజుల తర్వాత అక్కడికి ఫోన్ చేసి చేరిందో లేదో కనుక్కోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో బడి విడిచిన పిల్లల పేర్లుంచే డ్రాప్‌బాక్స్‌లోకి వెళ్లిన పేరును ఏ బడీ తీసుకోకుండా అలాగే మిగిలిపోతే, దాన్ని కంప్యూటరు పనిగా చూసి వదిలేయకండి. ఆ పేరు వెనక ఉన్న పిల్ల ఎక్కడుందో కనుక్కోవాలి.

తరగతి గదిలో చెప్పే పాఠం భయపెట్టేదిగా ఉంటే పిల్లలు ఒక వారం గుర్తుపెట్టుకుని మరచిపోతారు. నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చే పాఠం లెక్కల పీరియడులో ఉంది. పదివేల అడ్వాన్సు, రోజు కూలి, అందులోంచి తిండికి, గదికి, ప్రయాణానికి కోతలు, వడ్డీ ఇవన్నీ బోర్డు మీద రాసి, అప్పు ఎన్ని నెలలకు తీరుతుందో పిల్లల చేతే చేయిస్తే, మేస్త్రీ మాటలోని మోసం వారికే తెలుస్తుంది. ఇంటికి వెళ్లి అదే లెక్క తండ్రికి చెప్పే పిల్లలూ ఉంటారు. చిన్న తరగతుల వారికి తమ ఊరు, మండలం, జిల్లా, ఇంట్లో ఒక ఫోన్ నంబరు కంఠతా రావాలి. బాలల సహాయ నంబరు 1098 అని నేర్పి, అక్కడ ఫోన్ ఎత్తినవారికి ఏం చెప్పాలో నటింపజేయాలి. పెద్ద తరగతుల్లో ఫోన్‌లో పరిచయమై పెళ్లి, ఉద్యోగం, సినిమా అవకాశం అని చెప్పేవారి గురించి మాట్లాడాలి. మగపిల్లలను ఈ చర్చ నుంచి బయటకు పంపకండి. కార్ఖానాలకు తరలిపోయేది వాళ్లే.

బడికి తెలియని ఒక విషయం ఊరికి తెలుస్తుంది: ఎవరింట్లో ఎంత అప్పుందో. ఆసుపత్రి ఖర్చు, ఎండిన బోరు, అక్క పెళ్లి, తండ్రి మరణం, వీటిలో ఏదో ఒకటి జరిగిన నెలలోనే మేస్త్రీ గడపలో నిలబడతాడు. అందువల్ల విద్యా కమిటీ సమావేశానికి గ్రామ సమాఖ్య నుంచి ఒకరు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, పంచాయతీ కార్యదర్శి తప్పక రావాలి. సమాఖ్య నుంచి చిన్న అప్పు, కస్తూర్బా విద్యాలయంలోనో గురుకులంలోనో సీటు, అర్హులకు పిల్లల సంరక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్, వీటిలో ఏది ఆ ఇంటికి సరిపోతుందో ఆ సమావేశంలోనే తేల్చాలి. డబ్బు అవసరం ఉన్న ఇంటికి వెళ్లి చదువు గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వడం నిష్ప్రయోజనమని నేను మొహమాటం లేకుండా అంటాను.

కుటుంబమంతా వలసపోతుంటే పిల్లలను తాతా అవ్వల దగ్గరో హాస్టల్లోనో ఉంచమని అడగాలి. అది కుదరకపోతే వెళ్లే చోటు, మేస్త్రీ పేరు, పిల్లల పేర్లు పంచాయతీ రిజిస్టరులో రాయించి, అక్కడి బడికి ముందే కబురు చేయాలి. బట్టీలున్న ఊళ్లవారు దీన్ని తిరగేసి చూడాలి: పొగ లేచిన వారంలోపే వెళ్లి పిల్లల పేర్లు రాసుకోవాలి. ఒడియా పిల్లలకు తెలుగు పుస్తకం ఇస్తే రెండో రోజు రారు. బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే కేంద్రాలు నడిపిన అనుభవం తెలంగాణకు ఉంది, మండల విద్యాధికారిని అడగండి.

పిల్ల కనిపించడం లేదని తెలిసిన క్షణాన చేయవలసినవి త్వరగా చేయాలి. మేస్త్రీకి ఫోన్ చేసి బెదిరించకండి, పిల్లను ఆ రాత్రే మరో చోటికి మార్చేస్తాడు. యువకులు జీపెక్కి కార్ఖానా మీద పడటం కూడా అంతే ప్రమాదం. 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, ఇటీవలి ఫొటో, ఆధార్ నకలు, సేకరించిన నంబర్లతో స్టేషనుకు వెళ్లాలి. ఇరవైనాలుగు గంటలు ఆగి రమ్మంటే ఒప్పుకోనక్కర లేదు; తప్పిపోయిన పిల్లల ఫిర్యాదుపై ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని 2013 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. స్టేషను పరిధి కాదన్నా, పరిధితో పనిలేకుండా ఏ స్టేషనులోనైనా నమోదయ్యే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టించుకోవచ్చు. దొరికిన పిల్లలను ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. ఎంత సంతోషంగా ఉన్నా పిల్లల ఫొటో గ్రూపులో పెట్టకండి. బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం అది ఆరు నెలల వరకూ జైలుకో, రెండు లక్షల వరకూ జరిమానాకో, రెండింటికో దారితీసే నేరం.

తిరిగి వచ్చిన పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో నింపాలని విద్యాహక్కు చట్టంలోని 4వ సెక్షన్ చెబుతుంది. ఇది కాగితం మీద పుట్టిన ఆలోచన కాదు. శాంతా సిన్హా నేతృత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లల్ని వెనకబడిన చదువును పూడ్చే బ్రిడ్జి కోర్సు శిబిరాల ద్వారా బడికి తెచ్చి, ఇది సాధ్యమని చట్టం రాకముందే చూపించింది. ‘ఎక్కడికి పోయావు, ఏం చేశారు’ అని తరగతిలో అడగకుండా చూడటం ఉపాధ్యాయుని పూచీ; ఆ ప్రశ్నలు ఆడపిల్లలను బడి మాన్పిస్తాయి. ఇంటి అప్పు తీరిందో లేదో సమాఖ్య కనుక్కోవాలి, ఎందుకంటే తీరకపోతే చెల్లెలి వంతు వస్తుంది. ఆ మేస్త్రీ పేరు, అతడు వచ్చిన నెల నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకుని, మరుసటి ఏడు అదే నెలలో ఆ ఇంటికి ముందుగా వెళ్లాలి.