దూరదేశంలో ఉన్నవాళ్లు తమ పాటల చిట్టా రాసుకోవడం ఎలా

దేశం విడిచి ఏళ్లు గడిచాక ఎక్కడో ఒక పాత పాట చెవిన పడి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయితే, చాలామంది చేసేది ఒకటే. ఆ లింకు తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేసి కింద ‘ఎవర్‌గ్రీన్’ అని రాస్తారు. నాలుగు దండాలు, రెండు గుండె బొమ్మలు వస్తాయి, అక్కడితో సరి. పాట గొప్పదని అందరికీ తెలుసు, కానీ అది మిమ్మల్నే ఎందుకు పట్టుకుందో మీరు రాయకపోతే ఎవరికీ తెలీదు. దాన్ని రాసిపెట్టుకునే పద్ధతి చెప్తాను. దీనికి కావలసింది ఒక నోటుబుక్కు, కొంచెం తీరిక.

ముందు ఫోన్ పక్కన పెట్టేయండి, ఇది ముఖ్యం. యాప్ తెరిచారంటే అది తన లెక్క ప్రకారం పాత మధురాలు వడ్డిస్తుంది, అవన్నీ మంచి పాటలే కానీ మీ పాటలు కావు. ఖాళీ కాగితం మీద గుర్తొచ్చిన వరసలోనే రాసుకుంటూ పోండి. పల్లవి తెలియకపోతే చరణంలో ఒక ముక్క, అదీ గుర్తు లేకపోతే ‘వేణువుతో మొదలయ్యేది, నాన్న గడ్డం గీసుకుంటూ ఈల వేసేది’ అని రాసినా చాలు. పరువు సంగతి అస్సలు పట్టించుకోకండి. ఘంటసాల పాట చిట్టాలో మొదట ఉంటే బావుంటుందని పెట్టడం, మీకు నిజంగా గుర్తున్న సబ్బు ప్రకటన పాటని వదిలేయడం, ఇలాంటివి చేస్తే ఇంకెవరి చిట్టానో రాసినట్టే. పది పన్నెండు పాటలు చాలు.

అందులో మీ కాలం పాటలే ఉండాలని కూడా లేదు. మనుషులకు సుమారు పదేళ్ల వయసుకీ ముప్ఫైకీ మధ్య జరిగినవి బాగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం చాలాకాలంగా చెప్తోంది, పాటల విషయంలోనూ అంతే. కానీ 2013లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. ఇరవై ఏళ్ల వాళ్లకు తమ కాలం పాటలతో పాటు, తాము పుట్టకముందు అమ్మానాన్నల యవ్వనంలో వచ్చిన పాటలతో కూడా సొంత జ్ఞాపకాలు బలంగా ముడిపడి ఉన్నాయట. ఇంట్లో ఏది మోగితే అదే మనదైపోతుంది మరి. కాబట్టి 1960ల పాట మీ చిట్టాలోకి వచ్చిందంటే కంగారు పడకండి, అది అమ్మ వంటింట్లోంచి వచ్చినదే అయి ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. ప్రతి పాట పక్కన ‘ఎందుకు ఇష్టం’ అని రాయకండి, ‘ఎందులోంచి విన్నాను’ అని రాయండి. రేడియోనా, టేపురికార్డరా, పెళ్లి పందిరి మైకా, శుక్రవారం దూరదర్శన్ చిత్రలహరా, బస్సులో డ్రైవరు నెత్తి మీద స్పీకరా, మనిషి గొంతా? నా అనుభవంలో జ్ఞాపకం పాటకు అంటుకుని ఉండదు, పాట వచ్చిన దారికి అంటుకుని ఉంటుంది. ఆ దారి దొరికితే గది, గదిలో మనుషులు, అప్పుడు టైమెంత, అన్నీ వాటంతట అవే వస్తాయి.

సంవత్సరం తేల్చడానికి కూడా ఇదే పనికొస్తుంది. సినిమా విడుదలైన ఏడాది చూసి ‘అప్పుడు విన్నాను’ అనేసుకుంటే తప్పు. శంకరాభరణం వచ్చింది 1980లో, కానీ 1990లలో పుట్టినవాళ్లకు కూడా ఆ పాటలు చిన్ననాటి పాటలే, ఎందుకంటే క్యాసెట్టు ఇంట్లో ఉంది. విడుదల ఏడాది చెప్పేది ఒక్కటే, అంతకు బాగా ముందు వినే అవకాశం లేదని. మిగతాది పరికరం చెప్తుంది. పాడుతా తీయగాలో ఎవరో పిల్ల పాడగా విన్నారంటే 1996 కంటే ముందు కాదు. ఇంటికి టీవీ ఎప్పుడొచ్చింది, టేపురికార్డరు ఎవరు తెచ్చారు, ఏ అద్దె ఇంట్లో ఉండగా, ఈ మూడూ పట్టుకుంటే రెండేళ్లు అటూ ఇటూగా తేలిపోతుంది.

క్యాసెట్టు తరం వాళ్లకు ఒక చిట్కా. పాట పూర్తిగా వినండి, అది అయిపోయిన క్షణంలో ఆపేసి చూసుకోండి, మనసులో తర్వాత ఏ పాట మొదలవుతోంది? సినిమాలో వరస ప్రకారం కాకుండా సంబంధమే లేని ఇంకో సినిమా పాట అందుకుందంటే, అది రికార్డింగ్ సెంటర్లో చీటీ రాసిచ్చి ఎక్కించుకున్న ఖాళీ క్యాసెట్టు వరస. ఆ చీటీ రాసింది ఎవరో గుర్తు చేసుకోండి, అక్కయ్య అయితే ఆ వరసలో ఆమె అప్పటి మనసు మొత్తం ఉంటుంది (అడిగితే ఒప్పుకోదు, అది వేరే సంగతి).

పాట పేరు తెలియకపోతే వెతకడం ఇప్పుడు సులువే. గూగుల్‌లో 2020 నుంచి కూనిరాగం తీసి వెతికే సదుపాయం ఉంది, పది పదిహేను సెకన్లు హమ్ చేస్తే చాలు, శ్రుతి తప్పినా చాలాసార్లు పట్టుకుంటుంది. పల్లవితో దొరక్కపోతే చరణంలో మాటలు తెలుగు లిపిలోనే కొట్టండి. చిన్నప్పుడు మనం తప్పుగా విన్న మాటలు ఉంటాయి కాబట్టి, అనుమానం ఉన్న మాట తీసేసి మిగతాది వెతకండి. ఆ తప్పు మాట మాత్రం నోటుబుక్కులోంచి కొట్టేయకండి, మీకు గుర్తున్న పాట అదే. ఇంట్లో ఏ పెట్టెలోనైనా పాత పాటల పుస్తకాలు మిగిలి ఉంటే అదృష్టం. సినిమాహాలు దగ్గర అమ్మే ఆ పల్చటి పుస్తకాల్లో కథ సగం చెప్పి ‘మిగతా కథ వెండితెరపై చూడండి’ అని ఆపేసేవాళ్లు, పాటల సాహిత్యం మాత్రం పూర్తిగా ఉండేది.

పాట దొరికాక అది మీరు విన్న రికార్డింగేనా అని చూడండి. ఒకే పేరుతో రీమిక్సులు, స్టేజీ మీద పాడినవి, కొత్త గొంతులతో మళ్లీ పాడించినవి బోలెడుంటాయి. ‘ఏంటో, పాట మారిపోయినట్టుంది’ అనిపిస్తే మీ చెవిని నమ్మండి, గాయకుల పేర్లు చూడండి. 78 స్పీడు గ్రామఫోను రికార్డులో ఒక వైపు సుమారు 3 నిమిషాలే పట్టేది, అందుకే పెద్ద పాటల్ని కుదించడమో, రెండు వైపులా పంచడమో చేసేవారు. సినిమాలో ఉన్న చరణం తాతయ్యకు తెలియలేదంటే కారణం అది కావచ్చు. కొన్నిటికి రికార్డు వెతకడమే దండగ. ‘మా తెలుగు తల్లికి’ శంకరంబాడి సుందరాచారి రాయగా టంగుటూరి సూర్యకుమారి పాడిన రికార్డు ఉంది, చాలా బావుంటుంది, కానీ మీకు గుర్తున్నది బడి ప్రార్థనలో క్లాసు క్లాసంతా తలో శ్రుతిలో అరిచినదైతే దాన్ని ఎవరూ అప్‌లోడ్ చేసి ఉండరు. అలాంటప్పుడు రాతే దిక్కు.

వినేటప్పుడు వేరే పని పెట్టుకోకండి. ఒక్కసారి పూర్తిగా విని, వెంటనే పది నిమిషాలు ఆపకుండా రాయండి. బావుంది కదా అని కారులో రోజూ పెట్టుకున్నారంటే, కొన్నాళ్లకు ఆ పాట వింటే ట్రాఫిక్కే గుర్తొస్తుంది.

ఏం రాయాలి అంటే, కంటికి కనిపించేది, చెవికి వినిపించేది. ‘ఈ పాట వింటే బాల్యం గుర్తొస్తుంది, ఆ రోజులే వేరు’ అన్న వాక్యం కింద ఎవరి పేరైనా పెట్టొచ్చు. ఇలా రాసి చూడండి: ‘పక్కింటి పెద్దమ్మ టేపురికార్డరులో ప్లే బటన్ నిలిచేది కాదు, అగ్గిపుల్ల దూర్చేవాళ్లం. బ్యాటరీలు అయిపోవస్తుంటే జానకి గొంతు నెమ్మదిగా మగ గొంతై పోయేది. బాబాయి బ్యాటరీలు తీసి పిట్టగోడ మీద ఎండలో పెట్టేవాడు, రెండో చరణం కోసం సాయంత్రం దాకా ఆగాలి.’ ఇందులో ‘ఇష్టం’ అనే మాటే లేదు. ఇప్పటికీ రెండో చరణం ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టడం ఎందుకో ఇది చదివితే మీ పిల్లలకు కూడా అర్థమవుతుంది.

అమ్మానాన్నల పాటలు కూడా చేర్చాలనుకుంటే ‘మీకు ఇష్టమైన పాట ఏది’ అని అడగొద్దు, ‘అన్నీ ఇష్టమేరా’ అనేస్తారు, అక్కడితో మాట ఆగిపోతుంది. ముందు పాట పెట్టండి, అయ్యాక కాసేపు మీరేం మాట్లాడకండి. ఆ తర్వాత ‘అప్పుడు రేడియో ఎవరింట్లో ఉండేదమ్మా?’ అనండి చాలు. వీడియో కాల్‌లో చేస్తుంటే రికార్డు చేస్తున్నానని ముందే చెప్పండి. కొన్ని పాటలకు పోయినవాళ్లు గుర్తొచ్చి మౌనంగా ఉండిపోతారు, అప్పుడు తవ్వకండి, మాట మార్చేయండి.

పాటలన్నిట్లో ముందు రికార్డు చేయాల్సినవి సినిమా పాటలు కావు, అవెక్కడికీ పోవు. అమ్మమ్మ ఊయల దగ్గర సొంతంగా అల్లి పాడిన జోలపాట, నాట్లు వేస్తూ పాడుకున్న పాటలు, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ మీ ఊరి పేర్లు కలిపి పాడినవి, ఇవి ఆ మనుషుల నోట్లో తప్ప ఇంకెక్కడా లేవు. ‘గొంతు బాలేదు, ఇప్పుడేం పాడతాను’ అంటారు. ‘పాడొద్దులే, మాటలు చెప్పు, రాసుకుంటా’ అనండి. మాటలు చెప్పడం మొదలుపెట్టిన మనిషి రెండో లైనుకల్లా రాగం అందుకుంటుంది. ఫోన్ ఆ పాటికే ఆన్ చేసి ఉంచుకోండి.

ఇంట్లో గొంతులు రికార్డయిన పాత క్యాసెట్లు ఉంటే ప్లే చేసే ముందు పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, పొరపాటున మీద రికార్డు కాకుండా. ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాక టేపురికార్డరు హెడ్‌ఫోన్ సాకెట్‌ నుంచి కంప్యూటర్‌ లైన్ ఇన్‌కు (బయటి శబ్దాన్ని లోపలికి తీసుకునే సాకెట్) కేబుల్ కలిపి, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించుకోండి. టేపు మీద బూజు కనిపిస్తే మాత్రం మెషీన్లో పెట్టకండి, ఆ పని తెలిసినవాళ్లకు ఇవ్వండి.

చివరగా, నోటుబుక్కులో లింకులు మాత్రమే రాసి ఊరుకోకండి, వీడియోలు ఎప్పుడు తీసేస్తారో తెలియదు. పాట మొదటి లైను, సినిమా, సంవత్సరం, పాడినవాళ్లు, రాసినవాళ్లు, ఆ కింద మీ జ్ఞాపకం. సొంతంగా రికార్డు చేసిన వాటికి ‘ఆడియో 1’ అని కాకుండా పాడిన మనిషి పేరు, ఊరు, తేదీ పెట్టి రెండు చోట్ల దాచండి, ఒకటి మీ దగ్గర, ఇంకోటి ఇండియాలో ఎవరి దగ్గరైనా.