టర్బో ఇంజిన్ విప్పి కట్టడం – 4వ పాఠం: బోరు, పిస్టను, రింగు గ్యాపు

పోయిన పాఠంతో ఇంజిన్ విప్పడం పూర్తయింది. బ్లాకు స్టాండు మీద ఉంది, క్రాంకు నిలబెట్టి ఉంది, బేరింగ్ క్యాపులకు నంబర్లు పడ్డాయి. ఈ పాఠంలో ఒక్క బోల్టు కూడా ఆఖరుగా బిగించం. కొలవడం, బోరింగ్ షాపులో పని చేయించడం, మళ్ళీ కొలవడం, అంతే. విసుగు పుట్టించే పనే. కానీ టర్బో ఇంజిన్ నిలుస్తుందా, రెండు వేల కిలోమీటర్లకే పొగ పెడుతుందా అన్నది తేలేది ఇక్కడే.

కొత్తగా చేరినవారికి ఒక మాట. మనం ఉదాహరణగా తీసుకున్న బండి 2004లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన స్కోడా ఆక్టావియా ఆర్ఎస్. 1,781 సీసీ, 20 వాల్వులు, 150 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 81 మి.మీ., స్ట్రోకు (పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం) 86.4 మి.మీ. బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. మన గురి 220 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్లు. అంతకు మించి ఆశపడితే గేర్‌బాక్సు, క్లచ్చు, బ్రేకులు అన్నీ లెక్కలోకి వస్తాయి, ఖర్చుకు అంతుండదు.

ముందు పిస్టన్లు, తర్వాతే బోరు

ఆటోనగర్‌లో ఏ బోరింగ్ షాపుకు వెళ్ళినా వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "పిస్టన్లు తెచ్చారా?" అనే. అడగని షాపులో బ్లాకు దించకండి. "అన్నా, ఎనభై ఒకటిన్నరకి కొట్టెయ్" అని ఒక్క మాట చెప్పి వచ్చేస్తే, ఆ ఎనభై ఒకటిన్నర ఎవరి లెక్కలోదో ఎవరికీ తెలియదు. స్టాక్ (కంపెనీ వేసిన) కొలతల్లో బోరు 81.01, పిస్టను 80.965. మధ్య ఖాళీ 0.045 మి.మీ. మొదటి ఓవర్‌సైజులో బోరు 81.51, పిస్టను 81.465. ఖాళీ మళ్ళీ అంతే. మనం వేయబోయే ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా, ఒత్తిడితో రూపం తెచ్చిన గట్టి) పిస్టనుకు ఈ 0.045 సరిపోదు. దాని లోహం వేడికి ఎక్కువ సాగుతుంది. కాబట్టి పెట్టెలోంచి నాలుగు పిస్టన్లూ తీసి, ఒక్కొక్కటీ కొలిచి, కంపెనీ కార్డులో చెప్పిన ఖాళీ కలిపి, ఏ సిలిండర్‌కు ఏ కొలత అన్నది కాగితం మీద రాసి షాపువాళ్ళ చేతికివ్వాలి.

ఫోర్జ్‌డ్‌లో రెండు రకాలు దొరుకుతాయి. 4032 మిశ్రమంలో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది, సాగడం తక్కువ, ఖాళీ తక్కువ చాలు, పొద్దున్నే స్టార్ట్ చేస్తే చప్పుడు ఉండదు. 2618లో సిలికాన్ దాదాపు లేనట్టే. అది నాకింగ్ దెబ్బలను ఎక్కువ ఓర్చుకుంటుంది, కానీ ఖాళీ ఎక్కువ అడుగుతుంది, ఇంజిన్ వేడెక్కేదాకా టకటకమంటుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ తిరిగే బండికి, 220 హార్స్‌పవర్ గురికి మా ఓటు 4032కే. ట్రాక్ మీదికి తీసుకెళ్ళే ఉద్దేశం ఉంటేనే 2618.

ఆర్డర్ పెట్టేముందు పాత పిస్టను పిన్ను వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. ఈ ఇంజిన్ కుటుంబంలో 19 మి.మీ. పిన్నులవీ ఉన్నాయి, 20 మి.మీ. పిన్నులవీ ఉన్నాయి. రాడ్డు పొడవు 144 మి.మీ. పిన్ను తేడా చూసుకోకుండా రాడ్లు ఒక చోట, పిస్టన్లు ఒక చోట తెప్పించుకుంటే ఒకదానికొకటి కలవవు. రాడ్లు మార్చాలా అని అడిగేవాళ్ళకు జవాబు: టార్కు 300 న్యూటన్ మీటర్లు దాటించే ఆలోచన ఉంటే తప్పకుండా మార్చాలి. ఈ ఇంజిన్‌లో స్టాక్ రాడ్డును వంచేది 6,500 తిరుగుళ్ళు కాదు, 2,500–3,000 దగ్గర ఒక్కసారిగా వచ్చిపడే టార్కు. ఇంజిన్ ఇప్పటికే విప్పి ఉంది కాబట్టి 300 గురికి కూడా మార్చేయడమే మేలు.

ఎండాకాలంలో మైక్రోమీటరు చెప్పే అబద్ధం

కొలతలన్నిటికీ ప్రమాణం 20 డిగ్రీల సెల్సియస్. పిస్టను కార్డు మీద ఉన్న అంకె ఆ ఉష్ణోగ్రతకే. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో 42 డిగ్రీలుంటే ఏమవుతుందో లెక్క వేద్దాం. 81 మి.మీ. ఇనప బోరు ఆ 22 డిగ్రీల తేడాకు 0.02 మి.మీ. సాగుతుంది. అదే కొలత 2618 పిస్టను 0.04 సాగుతుంది. మైక్రోమీటరు ఉక్కుది కనుక అది బోరుతో సమానంగా సాగుతుంది.

అంటే బ్లాకు, పిస్టను, మైక్రోమీటరు మూడూ షెడ్డులోనే ఉంటే బోరు కొలత దాదాపు సరిగ్గానే కనిపిస్తుంది, పిస్టను మాత్రం 0.02 లావుగా కనిపిస్తుంది. కార్డు అడిగే ఖాళీ 0.075 అనుకుందాం. ఆ పిస్టను కొలతను నమ్మి అంత ఖాళీ వదిలి హోనింగ్ (రాపిడి రాళ్ళతో బోరును ఆఖరి కొలతకు నునుపు చేయడం) చేస్తే 20 డిగ్రీల లెక్కలో అది 0.095. ఇంజిన్ చప్పుడు చేస్తుంది, చమురు తాగుతుంది.

దీనికి తలకిందులైన సందర్భం ఇంకా ప్రమాదం. పిస్టన్లను ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర కొలిచి, అదే చల్లని మైక్రోమీటరుతో బోరు గేజిని సున్నాకు పెట్టి, వెంటనే షెడ్డులో 40 డిగ్రీల బ్లాకు మీద కొలిస్తే బోరు 0.014 పెద్దగా కనిపిస్తుంది. హోనింగ్ అయిపోయిందనుకుని అక్కడే ఆపేస్తారు. 0.075 అనుకున్న ఖాళీ నిజానికి 0.061 దగ్గరే ఉంటుంది. టర్బో బూస్ట్ ఎక్కిన మొదటి పొడవాటి పరుగులో, హైవే మీద గుంటూరు వైపు, పిస్టను స్కర్టు (కింది పక్కభాగం) గీరుకుపోతుంది.

విరుగుడు సులభం. బ్లాకు, పిస్టన్లు, గేజీలు అన్నీ రాత్రంతా ఒకే గదిలో ఉంచి, పొద్దున ఆరేడు గంటలకు కొలవండి. ఏసీ గది దొరికితే బ్లాకును కూడా అందులోనే పెట్టండి. బరువు అని వదిలేయకండి. షాపువాళ్ళు హోనింగ్ మధ్యలో కొలిచేటప్పుడు బ్లాకు రాపిడి వేడితో ఉంటుంది. ఆఖరి 0.02 మిగిలినప్పుడు ఆపి, టీ తాగి వచ్చి, బ్లాకు చల్లారాక మళ్ళీ కొలవమని ముందే మాట తీసుకోండి. బోరింగ్ షాపుల్లో ఇప్పటికీ థౌ లెక్క నడుస్తుంది. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.025 మి.మీ. మీ కాగితం మీద రెండు లెక్కలూ రాయండి.

బోరును పై అంచుకు 10 మి.మీ. కింద, మధ్యలో, అడుగు నుంచి 10 మి.మీ. పైన, ఇలా మూడు ఎత్తుల్లో కొలవాలి. ప్రతి ఎత్తులోనూ క్రాంకు వెంబడి ఒకసారి, క్రాంకుకు అడ్డంగా ఒకసారి. సిలిండర్‌కు ఆరు, మొత్తం 24 అంకెలు. స్టాక్ పిస్టన్లే తిరిగి వేసేవాళ్ళకు అసలు కొలత నుంచి 0.08 దాకా తేడా ఓకే. మనకు హోనింగ్ తర్వాత తేడా 0.01 లోపు ఉండాలి. పిస్టన్లు కొలిచే చోటు కూడా ముఖ్యమే. స్టాక్‌ది స్కర్టు అడుగు నుంచి 10 మి.మీ. పైన, పిన్నుకు అడ్డంగా కొలుస్తారు. ఫోర్జ్‌డ్‌కు ఆ చోటు వేరు, కార్డులో బొమ్మ ఉంటుంది. తప్పు చోట కొలిస్తే మిగిలిన జాగ్రత్త అంతా వృథా.

హోనింగ్ షాపులో అడగాల్సినవి

హెడ్ బోల్టులు బిగించగానే బోరు పైభాగం కాస్త వంకర పోతుంది. బోల్టులు లేకుండా గుండ్రంగా హోన్ చేసిన సిలిండర్ హెడ్ బిగించాక గుండ్రంగా ఉండదు. అందుకే హోనింగ్ చేసేటప్పుడు హెడ్ బదులు బిగించే టార్క్ ప్లేటు. షాపులో మీ ఇంజిన్‌కు సరిపడేది లేకపోతే 40 మి.మీ. దళసరి ఉక్కు పలకతో లేతు మీద చేయించుకోవచ్చు. బోల్టు మర బ్లాకులోకి హెడ్ ఉన్నప్పుడు ఎంత లోతు దిగుతుందో అంతే దిగాలి. పొడవు తేడా వస్తే దళసరి వాషర్లు వేయండి. మధ్యలో అదే రకం గాస్కెట్ ఉండాలి. ఈ పనికి పాత బోల్టులు వాడి, కొత్త సెట్టు ఫిట్టింగ్‌కు దాచుకోండి. స్టడ్లు వేసే ఆలోచన ఉంటే ప్లేటుకు కూడా ఆ స్టడ్లే వాడాలి.

బోరింగ్ ఆఖరి కొలతకు 0.07–0.08 మి.మీ. ముందే ఆగాలి. మిగతాది హోనింగ్ తీయాలి. 280 గ్రిట్, తర్వాత 400, చివర్లో గీతల మొనలు తీసే ప్లేటో బ్రష్. గీతలు ఒకదాన్నొకటి 45 డిగ్రీల దగ్గర దాటుతూ కనబడాలి.

బోరింగ్‌కు ముందే పిస్టన్ల కింద చమురు చిమ్మే నాలుగు జెట్లూ విప్పేయండి. తిరిగి బిగించాక ఫోర్జ్‌డ్ పిస్టను అట్టడుగుకు వచ్చినప్పుడు స్కర్టు వాటికి తగులుతుందేమో చేత్తో తిప్పి చూడాలి. క్రాంకు మీద ఉన్న సెన్సర్ చక్రాన్ని షాపులో ఎవరూ సుత్తితో ముట్టకుండా చూడండి. అది రవ్వంత వంగినా ఇసియుకు (ఇంజిన్ కంప్యూటర్‌కు) తిరుగుళ్ళు సరిగా అందవు, స్పార్క్ రాదు. దాన్ని విప్పితే బోల్టులు కొత్తవే వేయాలి.

బ్లాకు కడగడంలో మన ఊరి అలవాటు డీజిలు, లేదా కిరోసిన్. హోనింగ్ రాపిడి పొడి వాటితో పోదు, గీతల్లోకి ఇంకా దిగుతుంది. అదే తర్వాత రింగులను అరగదీస్తుంది. వేడినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, నైలాన్ బ్రష్షుతో తోమండి. ఆరాక తెల్లటి గుడ్డకు ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ రాసి బోరు తుడవండి. బూడిద రంగు అంటుకుంటే మళ్ళీ సబ్బే. నీళ్ళు దులిపిన వెంటనే నూనె రాయాలి. కృష్ణ ఒడ్డు గాలిలో తడికి కొత్త బోరు నిమిషాల్లో ఎర్రబడుతుంది.

రింగు గ్యాపు: టర్బోకు ఎందుకు వేరు

రింగు గ్యాపు అంటే రింగు రెండు కొసల మధ్య ఖాళీ. స్టాక్‌లో పై రింగు గ్యాపు 0.20 నుంచి 0.40 మి.మీ. కొత్త ఇంజిన్‌కు అది చాలు. బూస్టు పెంచితే పై రింగు వేడి పెరుగుతుంది. 81 మి.మీ. రింగు చుట్టుకొలత 254 మి.మీ. రింగు తన బోరుకన్నా 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 0.30 మి.మీ. సాగుతుంది. 0.20 గ్యాపుతో కట్టిన ఇంజిన్‌లో ఆ రింగు కొసలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. బయటికి పోయే చోటు లేక గోడను గీరుతుంది, లేదా పిస్టను పై అంచును విరగ్గొడుతుంది. నాలుగు వందల కిలోమీటర్లలో విరిగిన అంచు చూసి "పిస్టను నాసిరకం" అనుకుంటారు. చాలాసార్లు దోషం గ్యాపుదే.

వీధిలో తిరిగే టర్బో ఇంజిన్‌కు పై రింగు బోరులో 0.005 వంతు, అంటే 81కి 0.40 మి.మీ. రెండో రింగు 0.0055 వంతు, అంటే 0.45. రెండోది కాస్త ఎక్కువ ఉంచితే రెండు రింగుల మధ్య ఒత్తిడి చేరక పై రింగు ఎగిరిపడదు. 81.5 బోరుకు తేడా లెక్కలోకి రానంత. రింగుల కార్డు వేరే చెబితే కార్డునే అనుసరించండి. గ్యాపు 0.05 ఎక్కువైతే కాస్త చమురు పొగ, అంతే. 0.05 తక్కువైతే ఇంజినే పోవచ్చు.

రింగును బోరులో వేసి పిస్టనును తలకిందులుగా పెట్టి 25 మి.మీ. లోతుకు నెట్టితే చదునుగా కూర్చుంటుంది. ఫీలర్ గేజితో కొలవండి. చిన్నగా ఉంటే గ్రైండరుతోగానీ సన్నని ఆకురాయితోగానీ ఒక కొసే అరగదీయాలి, అదీ బయటి అంచు నుంచి లోపలికి ఒకే దిశలో. వెనక్కి లాగితే కోటింగు పెచ్చు లేస్తుంది. ఒకేసారి ఎక్కువ తీయకండి. మూడు తోపులు, ఒక కొలత. ఏ రింగు ఏ సిలిండర్‌కు చూశారో ఆ సిలిండర్‌కే పోవాలి, సంచీల మీద నంబర్లు వేసుకోండి.

బేరింగ్‌లు, క్లుప్తంగా

జర్నల్ అంటే క్రాంకు మీద బేరింగ్ కూర్చునే గుండ్రటి భాగం. మెయిన్ జర్నల్ 54 మి.మీ., రాడ్డుది 47.8. ఖాళీ జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు: మెయిన్‌కు 0.05 చుట్టూ, రాడ్డుకు 0.045–0.05. కొలవడానికి ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి ఖాళీ చెప్పే మెత్తని ప్లాస్టిక్ తీగ) వాడండి. జర్నల్ మీద చుక్క చమురు ఉండకూడదు, తీగ వేశాక క్రాంకు తిప్పకూడదు. కొలత కోసం మెయిన్ క్యాపులు 65, స్టాక్ రాడ్డు క్యాపులు 30 న్యూటన్ మీటర్లు బిగిస్తే చాలు, ఆ పైన 90 డిగ్రీలు తిప్పకండి. ఆ పావు చుట్టు ఆఖరి ఫిట్టింగ్‌లో కొత్త బోల్టులకు మాత్రమే. ఫోర్జ్‌డ్ రాడ్లతో వచ్చిన బోల్టులకు ఈ అంకెలేవీ వర్తించవు. వాటికి పెట్టెలో ఇచ్చిన గ్రీజు, కార్డులో ఇచ్చిన సాగుదల కొలత.

క్రాంకు అటూ ఇటూ కదిలే ఆట 0.07 నుంచి 0.23 మధ్య ఉండాలి, 0.30 దాటితే పనికిరాదు. దీన్ని పట్టేది మూడో మెయిన్ బేరింగ్. బరువైన క్లచ్ ప్లేటు వేసేవాళ్ళు దీన్ని రెండుసార్లు చూసుకోవాలి, ఎందుకంటే పెడల్ తొక్కిన ప్రతిసారీ బలమంతా అక్కడే పడుతుంది. జర్నల్ మీద గోరుకు తగిలే గీత లేకపోతే గ్రైండింగ్ వద్దు, పాలిష్ చాలు. తప్పనిసరైతే 0.25 మి.మీ. దగ్గరే ఆపండి, గ్రైండింగ్ తర్వాత చమురు రంధ్రాల అంచులు మొండి చేయించండి.

5వ పాఠానికి ముందు మీ దగ్గర ఉండాల్సినవి: 24 బోరు అంకెలు, నాలుగు పిస్టన్ల కొలతలు, ఎనిమిది రింగు గ్యాపులు, ఐదు మెయిన్, నాలుగు రాడ్డు బేరింగ్ ఖాళీలు, క్రాంకు ఆట. వాటి పక్కనే కొలిచిన వేళ, గది ఉష్ణోగ్రత. ఆ పాఠంలో పిస్టన్లు క్రాంకు మీదికి ఎక్కించి, హెడ్ బిగిస్తాం.