శ్రీశైలం ఘాటులో సైకిలు బ్రేకులు జాగ్రత్త

హైదరాబాద్ వైపు నుంచి శ్రీశైలానికి సైకిలు మీద వెళ్లేవాళ్లు మన్ననూరు ఎక్కుడు గురించే దిగులుపడతారు. అది ఎక్కేస్తే అమ్రాబాద్ పీఠభూమి మీద చాలా దూరం ఓ మోస్తరు ఎత్తుపల్లాలే. ఒళ్లు దగ్గర పెట్టుకోవలసింది దోమలపెంట దాటాక, రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణ లోయలోకి దిగేచోట.

రిమ్ము బ్రేకుల సైకిలైతే, అంటే రబ్బరు దిమ్మలు చక్రం అంచును (రిమ్మును) నొక్కి ఆపే రకమైతే, వాలు పొడవునా బ్రేకు నొక్కిపట్టి ఉంచకండి. రిమ్ము కాగిపోయి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. మలుపుకు ముందే, సైకిలు నిటారుగా ఉండగానే గట్టిగా నొక్కి వేగం తగ్గించండి, మలుపులో వదిలేయండి. ఆగినప్పుడు రిమ్ముకు దగ్గరగా అరచెయ్యి పెట్టి చూడండి. సెగ తగిలితే కాసేపు ఆగాల్సిందే. బ్రేకు రబ్బరు దిమ్మల మీద గాడులు అరిగిపోయి ఉంటే బయలుదేరక ముందే మార్పించుకోండి, అడవిలో దొరకవు.

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాకపోకలు ఆపేస్తారు. తెల్లవారుజామునే వెళ్లి అక్కడ కాచుకోవడం దండగ. ఎండాకాలం ఆకులు రాలి నీడ ఉండదు, నీళ్లు రెట్టింపు పెట్టుకోండి. అరటిపళ్లు మాత్రం హ్యాండిల్‌కు తగిలించవద్దు, కోతులు ఊరుకోవు.