ఎండాకాలంలో గట్టు మీద నుంచి పండుగప్పను పట్టడం ఎలా?

ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు దించేశాక కింద గోదావరిలో నది ప్రవాహం పేరుకే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో యానాం దగ్గర గౌతమి, బోడసకుర్రు దగ్గర వైనతేయ, నరసాపురం దగ్గర వశిష్ట, మూడూ సముద్రం చెప్పినట్టే నడుస్తాయి. పోటుకి ఉప్పునీరు పైకి ఎక్కుతుంది, దాని వెనకే కొయ్యింగలు (ముల్లెట్ చేపలు), చిన్న రొయ్యలు వస్తాయి. వాటి వెనక పండుగప్ప (సీబాస్) వస్తుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మర పడవల వేట నిషేధం కాబట్టి గట్టు మీద గాలం వేసేవాడికి ఇది మంచి అదను.

అయినా చాలామంది వేసవిలో ఖాళీ చేతులతో తిరిగొస్తారు. నా లెక్కలో కారణం ఒక్కటే. చేప ఉంటుంది, వాళ్లు వెళ్లిన టైములో అక్కడ ఉండదు.

ముందు పంచాంగం చూడండి

నది పారనప్పుడు నీటిని కదిలించేది పోటు (నీళ్లు ఎక్కడం), పాటు (నీళ్లు తీయడం) మాత్రమే. పండుగప్ప వెంటపడి వేటాడే రకం కాదు. వంతెన స్తంభం చాటునో, మడ చెట్ల వేళ్ల మధ్యనో, రాళ్ల గట్టు మొదట్లోనో మాటు వేసి, నీళ్లు మోసుకొచ్చిన చేపను ఒక్క గుటకలో లాగేస్తుంది. నీళ్లు కదలకపోతే దానికి భోజనం రాదు, మనకి చేప రాదు.

అమావాస్య, పున్నమి ముందూ వెనకా రెండు మూడు రోజులు నీళ్లు జోరుగా కదులుతాయి. అష్టమి, నవమి రోజుల్లో పోటు మందకొడిగా ఉంటుంది. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈరోజు సాయంత్రం ఆరింటికి నిండు పోటు చూశారంటే, రేపు ఏడుకి పది నిమిషాల ముందు చూస్తారు. ఇది ఒక్కటి తెలిస్తే ఫోన్లో యాప్ లేకపోయినా పని జరుగుతుంది.

పాటు మొదలైన తొలి రెండు మూడు గంటలు డ్రెయిన్లు, చిన్న కాలువలు నదిలో కలిసే చోట నిలబడండి. పోటుకి లోపలికి వెళ్లిన చిరుచేపలన్నీ ఆ సన్నటి దారిలోంచే బయటకు రావాలి. పండుగప్పకి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. పోటు ఎక్కుతున్నంతసేపూ మాత్రం మడ చెట్ల అంచు, వంతెన స్తంభాల నీడ మేలు.

ఎండకి చేప ఎక్కడికి పోతుంది?

నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా పడుతుంది, 30 డిగ్రీలకి ఏడున్నర దగ్గర ఆగుతుంది. ఉప్పు కలిస్తే ఇంకా తక్కువ. పండుగప్ప వేడి దేశపు చేపే, 26 నుంచి 30 డిగ్రీల నీళ్లలో హాయిగా ఉంటుంది. కానీ మే నెల మధ్యాహ్నం మోకాలి లోతు నీళ్లలో మీరే కాలు పెట్టి చూడండి. అక్కడ ఏ చేపా నిలవదు. లోతుకో, నీడకో, కెరటం విరిగి గాలి కలిసే చోటుకో పోతుంది.

అందుకని పదకొండు నుంచి నాలుగు దాకా ఇంట్లో పడుకోండి. చేపలు పడవు సరికదా, రోహిణి కార్తెలో వడదెబ్బ తగిలితే ఆసుపత్రికి మోసుకెళ్లాలి. తెల్లవారుజామున మూడున్నర నుంచి ఏడు దాకా, సాయంత్రం పొద్దు వాలాక తొమ్మిది పది దాకా గాలం వేయండి. నీళ్లు తీసే పాటు సరిగ్గా ఈ వేళల్లోనే మొదలయ్యే రోజు దొరికితే, పెళ్లి భోజనం ఉన్నా మానుకోవచ్చు.

మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేస్తుంది. అంతర్వేది బీచ్‌లో అది మొహాన కొడుతుంది, తేలిక ఎర పది గజాలు కూడా పోదు. సాయంత్రం వెళ్తే గాలి వీపుకో పక్కకో తగిలే నది గట్టు చూసుకోండి. బీచ్‌కి తెల్లవారుజాము మేలు.

సామాను: డబ్బు ఎక్కడ పెట్టాలి?

నది గట్టుకి ఎనిమిది, తొమ్మిది అడుగుల రాడ్ చాలు. బీచ్‌కి పది నుంచి పన్నెండు అడుగులు కావాలి. రీలు 4000 లేదా 5000 సైజు. మెయిన్ లైనుగా 30 పౌండ్ల బలమున్న అల్లిన దారం, అంటే బ్రెయిడ్. సన్నగా ఉండి గాలిని కోసుకుంటూ దూరం పోతుంది. పాత తంగూసు (నైలాన్ దారం) ఉన్నా ఫరవాలేదు కానీ ఎండలో వేలాడదీసి అమ్మేది కొనకండి. ఎండకి నైలాన్ పెళుసెక్కుతుంది. ఒక దుకాణంలో అలాంటిదే చవగ్గా వచ్చిందని కొని, తొలి చేపకే పుటుక్కుమనిపించుకున్నాను.

అసలు డబ్బు పెట్టాల్సింది చివరి నాలుగు అడుగుల మీద. పండుగప్ప మొప్ప మూత అంచు బ్లేడులా ఉంటుంది, పెదవులు ఆకురాయిలా గరుకు. నీళ్ల మీదకి ఎగిరి తల విదిలించినప్పుడు బ్రెయిడ్ ఆ అంచుకి తగిలిందా, అయిపోయినట్టే. నేను రీలు మీద వేల రూపాయలు పోసి, లీడరు (గాలానికి ముందు కట్టే లావు దారం) ఎందుకులే అనుకున్న రోజుల్లో చించినాడ వంతెన కింద ఒక పెద్దది పడింది. రెండో ఎగురుకి కత్తిరించినట్టు దారం చేతికొచ్చింది. పక్కన చేతి గాలం వేసుకుంటున్న పెద్దాయన నవ్వలేదు కూడా. తన తంగూసు కొస చూపించాడు, తాడంత లావు.

కాబట్టి 40 నుంచి 60 పౌండ్ల లీడరు తప్పనిసరి. ఇక్కడ వేసవి ఒక చిక్కు పెడుతుంది. వరద రోజుల ఎర్రనీళ్లతో పోలిస్తే ఇప్పుడు నీళ్లు తేటగా ఉంటాయి, లావు దారం చేపకి కనిపిస్తుంది. నీటిలో తక్కువ కనిపించే ఫ్లోరోకార్బన్ లీడరు వాడితే ఆ చిక్కు కొంత తీరుతుంది. పట్టపగలు 40కి దిగవచ్చు, రాత్రి 60కి తగ్గొద్దు. బ్రెయిడ్‌నీ లీడరునీ డబుల్ యూని ముడితో కలపండి. ముడి బిగించేముందు ఉమ్మితో తడపండి, లేకపోతే రాపిడి వేడికే దారం బలం తగ్గుతుంది. ప్రతి చేప తర్వాత లీడరును వేళ్ల మధ్య జారవిడిచి చూడండి, గరుకు తగిలితే అంతవరకు కోసేయండి.

డ్రాగ్‌ను, అంటే చేప లాగినప్పుడు దారాన్ని వదిలే రీలు బిగువును, దారం బలంలో నాలుగో వంతుకి పెట్టుకోండి. 30 పౌండ్లకి ఇది మూడున్నర కిలోల దాకా వస్తుంది. త్రాసు కొక్కేనికి కట్టి లాగితే తెలుస్తుంది.

ఎరను బతికించుకోవడం

బతికున్న కొయ్యింగకి మించిన ఎర నాకు తెలియదు. జానెడులోపు పిల్లను పై పెదవి గుండా 5/0 సైజు సర్కిల్ గాలానికి (మొన లోపలికి వంగినది) గుచ్చి, పాటు నీటిలో దానంతట దాన్ని పోనివ్వండి. చేప పట్టగానే కొట్టి లాగకండి. సర్కిల్ గాలం దవడ మూలకి దానంతటదే దిగుతుంది, మెల్లగా బిగిస్తే చాలు.

ఎండాకాలంలో ఈ ఎరే పెద్ద టెన్షన్. బకెట్లో పది కొయ్యింగలు వేసి బైకు మీద అరగంట తీసుకెళ్తే ఎనిమిది తేలిపోతాయి. బకెట్‌కి నాలుగైదుకి మించి వేయకండి. తడి గోనెసంచి చుట్టి నీడలో పెట్టండి. పావుగంటకోసారి సగం నీళ్లు పారబోసి నది నీళ్లే పోయండి, కుళాయి నీళ్లు కాదు. అక్వేరియంలో వాడే బ్యాటరీ పంపు ఒకటి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఐసు నేరుగా వేస్తే చేపలు బిగుసుకుపోతాయి, ఐసు ముక్కలున్న సీసాను బిగించి నీళ్లలో తేలనివ్వండి.

ప్లాస్టిక్ ఎరలు వాడేవాళ్లకి ఒకటే మాట. తోక ఊపే నాలుగు అంగుళాల మెత్తటి ఎర కొనండి, ఆగి ఆగి నెమ్మదిగా చుట్టండి. వేడికి చేప బద్ధకిస్తుంది, దూరం పరుగెత్తదు. గట్టి ఎరలతో వచ్చే సన్నటి మూడు మొనల కొక్కేలను తీసేసి లావువి పెట్టుకోండి, పెద్ద చేప వాటిని సూదిలా సాగదీస్తుంది.

గట్టు మీద జాగ్రత్తలు

కోరంగి మడ అడవి అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. డ్రెయిన్ల దగ్గర చేపల వేలంపాట ఎవరు పాడుకున్నారో ముందు అడిగి, సరేనంటేనే వేయండి. ఏటిమొగల్లో (నది సముద్రంలో కలిసే చోట) ఇసుక తిప్పల మీదకి నడిచి వెళ్తే పోటు ఎక్కే టైము చూసుకోండి, వెనక దారి చడీచప్పుడు లేకుండా మునిగిపోతుంది. నీళ్లలో దిగితే కాళ్లు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడవండి, తోకకి ముల్లుండే టేకు చేప (స్టింగ్‌రే) ఉంటే తప్పుకుంటుంది. సాయంత్రం ఉరిమితే కార్బన్ రాడ్ కింద పెట్టి గట్టు దిగండి. అది పిడుగుని పిలిచే కర్ర.

పడ్డాక

పండుగప్ప మగదిగా మొదలై, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. మీటరు పైబడినవి దాదాపు అన్నీ తల్లులే. వానలు మొదలయ్యాక ఏటిమొగల్లో గుడ్లు పెట్టేవి అవే. అంత పెద్దది పడితే నేను వదిలేస్తాను. ఇగురుకి రెండు కిలోలదే రుచి, అది వేరే సంగతి. వదిలేటప్పుడు దవడ పట్టి నిలువునా వేలాడదీయకండి, చేతులు తడిపి కడుపు కింద ఆనించండి. వేడి నీళ్లలో అలిసిన చేప త్వరగా తేరుకోదు. అందుకని నీళ్లు కదిలే చోట తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, తోక తానే విదిలించేదాకా పట్టుకోండి. ఉంచుకునేదైతే వెంటనే మొప్పలు కోసి నెత్తురు కార్చి, నలగ్గొట్టిన ఐసులో కప్పండి. ఈ ఎండలో గంట ఆలస్యమైతే మెత్తబడిపోతుంది.

ఇంటికి రాగానే రీలును సన్నటి మంచినీటి ధార కింద తిప్పి కడగండి. పైపు పెట్టి బలంగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. డ్రాగ్ పూర్తిగా వదులు చేసి నీడలో ఆరబెట్టండి.