ఆర్ట్స్ డిగ్రీతో ఉద్యోగం: చదువుతుండగానే చేసుకోవాల్సిన పనులు

హిస్టరీ చదివితే ఏం ఉద్యోగం వస్తుంది అని మిమ్మల్ని ఇప్పటికే చాలామంది అడిగుంటారు. డిగ్రీ పేరు చూసి పిలిచి ఉద్యోగమిచ్చే పద్ధతి ఇందులో లేదన్నది నిజమే. నర్సింగ్ చదివితే నర్సు, అకౌంటింగ్ చదివితే అకౌంటెంటు అవుతారు. ఫిలాసఫీ, లిటరేచర్, సోషియాలజీ చదివినవాళ్లు మాత్రం తమకు ఏమొచ్చో తామే చూపించుకోవాలి. అందుకే ఆఖరి సెమిస్టర్ దాకా ఆగకండి, రెండో ఏడాదిలోనే మొదలుపెట్టండి.

ముందు డబ్బు సంగతి. అమెరికాలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ 2020లో ఒక అధ్యయనం చేసింది. చదువుకు పెట్టిన ఖర్చుకు ఎంత తిరిగొస్తుందని లెక్క కడితే, లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు (ఒకే వృత్తికి కాకుండా ఆర్ట్స్, సైన్స్ కలిపి చదివించేవి) పదేళ్ల దగ్గర మిగతావాటి కంటే వెనకే ఉన్నాయి, నలభై ఏళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ముందుకెళ్లాయి. ఆ కాలేజీల్లో సైన్స్ చదివినవాళ్లూ ఉంటారు కాబట్టి ఆ లెక్క అచ్చంగా మీకు వర్తించదు. అయినా మొదట్లో నెమ్మదిగా ఉంటుందన్న సంగతి మనసులో పెట్టుకోండి, ముఖ్యంగా అప్పు చేసి చదువుతుంటే, మొదటి జీతంతో వాయిదాలు కట్టగలరో లేదో ముందే చూసుకోవాలి.

తర్వాత, మీ సబ్జెక్టుకు పక్కన ఒక్క పనిముట్టు నేర్చుకోండి, ఒక్కటే, కానీ గట్టిగా. సోషియాలజీ, ఎకనామిక్స్ వాళ్లకు ఎక్సెల్ లేదా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష). లింగ్విస్టిక్స్ వాళ్లకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. సైకాలజీ వాళ్లకు స్టాటిస్టిక్స్. నాలుగు కోర్సుల సర్టిఫికెట్ల కన్నా ఆ పనిముట్టుతో మీరు చేసిన ఒక చిన్న పని ఎక్కువ పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది, మీ ప్రాజెక్టును ఉద్యోగమిచ్చేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం. రెజ్యూమెలో '19వ శతాబ్దపు కార్మికుల ఉత్తరాలపై పరిశోధన' అని రాసి వదిలేస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఎన్ని ఉత్తరాలు చదివారు, ఒకదానికొకటి పొంతన లేని ఆధారాలు ఎదురైతే దేన్ని నమ్మాలో ఎలా తేల్చుకున్నారు, ఎన్ని పేజీల రిపోర్టు ఎంత గడువులో ఇచ్చారు, ఇవి రాయండి. ఆ ప్రాజెక్టునే, ఆ సబ్జెక్టు ముఖం చూడని మనిషికి కూడా అర్థమయ్యేలా ఒక్క పేజీలో మళ్లీ రాసి దగ్గర పెట్టుకోండి. ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పమంటే తడుముకోవాల్సిన పని ఉండదు, అడిగితే చూపించడానికి చేతిలో కాగితం ఉంటుంది. చదివింది జల్లెడ పట్టి అసలు విషయం తేల్చి చెప్పగలగడం చాలా అరుదైన పనితనం, దాన్ని తక్కువ చేసుకుని మాట్లాడకండి.

ఇక ఏ ఉద్యోగాలంటే: మార్కెట్ రీసెర్చ్, యూఎక్స్ రీసెర్చ్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్లకు ఎలా ఉన్నాయో తెలుసుకునే పని), హెచ్‌ఆర్, ఎడిటింగ్, కమ్యూనికేషన్స్, పాలసీ పరిశోధన, స్వచ్ఛంద సంస్థలు, మ్యూజియంలు, ఆర్కైవ్స్. ఆఫీసుల్లో మెసేజ్‌లకు వాడే యాప్ స్లాక్ స్థాపకుల్లో ఒకరైన స్టీవర్ట్ బటర్‌ఫీల్డ్ చదివింది ఫిలాసఫీ, యూట్యూబ్‌ను ఏళ్ల తరబడి నడిపిన సూసన్ వొజిస్కీ డిగ్రీ హిస్టరీ, లిటరేచర్. అందరూ అంత దూరం వెళ్తారని కాదు, టెక్ కంపెనీల తలుపు మీకు మూసిలేదని చెప్పడానికే ఈ పేర్లు. లా, టీచింగ్, కౌన్సెలింగ్ అయితే వేరే అర్హతలు కావాలి, అవేంటో ముందే కనుక్కోండి.

మీ కాలేజీ సీనియర్లలో మీకు నచ్చిన పని చేస్తున్నవాళ్లకు మెసేజ్ పెట్టండి. ఉద్యోగం ఇప్పించమని కాదు, మొదటి ఉద్యోగం ఎలా దొరికింది, రోజంతా ఏం చేస్తారు అని అడగండి. ఇలా అడిగితే చాలామంది ఓపిగ్గా చెప్తారు, ఇంటర్న్‌షిప్ ఖాళీల కబురు కూడా ఎక్కువగా ఇలాంటి మాటల్లోనే తెలుస్తుంది. ఇంకొక్క మాట, ఉద్యోగం వెతకాలంటే టెన్షన్‌గా ఉందని మాత్రం పీజీలో చేరకండి. ఆ పీజీ తర్వాత ఏ పని చేస్తారో ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే అప్లై చేయండి.