వలస బాతులు పగలొకచోట, రాత్రొకచోట: వాటి జాడ పట్టడం ఎలా

శరదృతువులో అడవి బాతుల్ని చూద్దామని బయల్దేరే వాళ్ళలో చాలామంది మిట్టమధ్యాహ్నం ఏదో ఒక నీటిమడుగు దగ్గరికి వెళ్ళి, అక్కడ ఒక్కటీ కనబడక, ఈ ఏడు బాతులు రాలేదనుకుని వెనక్కి వచ్చేస్తారు. మొదట్లో నేనూ అంతే. నిజానికి వాటికి పగలు ఉండే చోటు వేరు, మేతకు పోయే చోటు వేరు, రెండిటి మధ్య ఒక్కోసారి చాలా కిలోమీటర్ల దూరం ఉంటుంది. ముందు ఆ రెండు చోట్లూ పట్టుకోండి, జాతుల పేర్ల సంగతి తర్వాత.

పగలైతే వెడల్పాటి నీళ్ళున్న చోట వెతకాలి. పెద్ద చెరువో, రిజర్వాయరో, నది నెమ్మదించే మలుపో, ఏదైనా సరే, నాలుగు వైపులా దూరం నుంచే అపాయం కనబడేలా ఉంటే చాలు. అక్కడ తల వెనక్కి తిప్పి ముక్కు వీపు ఈకల్లో దూర్చి నిద్రపోతుంటాయి. పొద్దుగూకడానికి అరగంట ముందే చేరుకుని కదలకుండా కూర్చోండి. చీకటి పడుతుండగా చిన్న చిన్న గుంపులుగా లేస్తాయి, ఏ దిక్కుకు పోయాయో రాసుకుని, మర్నాడు సాయంత్రం అదే దిక్కున ఓ కిలోమీటరు ముందుకు జరిగి నిలబడండి. ఇలా కొన్ని సాయంత్రాలు ఓపిక పడితే మేత చోటు దొరికే అవకాశం ఎక్కువ. వేట సాగే ప్రాంతాల్లో ఇది ఇంకా కష్టం, ఎందుకంటే తుపాకీ మోతకు బెదిరిన బాతులు పగలంతా వేట లేని నీళ్ళలోనే ఉండిపోయి, బాగా చీకటయ్యాకే మేతకు కదులుతాయి.

మేత చోట చూడాల్సింది లోతు. మల్లార్డ్, పిన్‌టెయిల్, టీల్ లాంటివి తల ముంచి తోక పైకి లేపి తింటాయి కాబట్టి మెడ అందేంత లోతే పనికొస్తుంది, సుమారు 30 సెంటీమీటర్ల లోపు అనుకోండి. అందుకే నిన్న కళకళలాడిన మడుగు ఒక అడుగు నీళ్ళు పెరగ్గానే ఖాళీ అవుతుంది. చిట్టి టీల్ బురద అంచునే తచ్చాడుతుంది, మెడ పొడుగున్న పిన్‌టెయిల్ ఇంకాస్త లోపలికి పోతుంది. పోచార్డ్ లాంటి మునిగే బాతులకు లోతు కావాలి, అవి గాల్లోకి లేవాలంటే నీటి మీద కాసేపు పరుగెత్తాలి. విజియన్ అనే బాతు గడ్డి మేస్తుంది, కానీ బొల్లికోళ్ళు అనే నీటిపక్షులు మునిగి తెచ్చుకున్న నాచును కొట్టేయడంలోనూ ఘనాపాటి. కోత కోసిన పొలాల్ని మాత్రం మర్చిపోకండి. ఈ కాలంలో బాతులకు కావాల్సింది కొవ్వు, అదే వాటి ప్రయాణానికి ఇంధనం, రాలిన గింజల కంటే తేలిగ్గా అది ఇంకెక్కడ దొరుకుతుంది?

ఎప్పుడు వెళ్ళాలో గాలి చెబుతుంది. వలస ప్రయాణం ఎక్కువగా రాత్రిపూటే, వెనక నుంచి గాలి తోస్తుంటే మరీ మంచిది. ఉత్తరార్ధగోళంలో చల్లగాలి ముందంచు (కోల్డ్ ఫ్రంట్) దాటిపోయి, ఆకాశం తేటపడి, ఉత్తరపు గాలి మొదలైన రాత్రి పెద్ద కదలిక ఉంటుంది, కాబట్టి మర్నాడు పొద్దున్నే అక్కడుండండి. ఎదురుగాలి, వాన ఉంటే వచ్చినవి వచ్చినట్టే ఆగిపోతాయి. అన్నీ ఒకేసారి పోవు కూడా. ఉత్తర అమెరికాలో నీలిరెక్క టీల్ చలి ముదరకముందే వెళ్ళిపోతుంది, మల్లార్డ్ అయితే నీళ్ళు గడ్డకట్టేదాకా, మేత మంచులో కప్పబడిపోయేదాకా కదలదు.

సీజన్ మొదట్లో మగవి కూడా ఆడవాటిలా మట్టిరంగులో ఉంటాయి, టెన్షన్ పడకుండా రెక్క మీది మెరుపు పట్టీ చూడండి: మల్లార్డ్‌కు రెండు వైపులా తెల్ల అంచున్న నీలం, కామన్ టీల్‌కు ఆకుపచ్చ. కాలికి ఉంగరం కనిపిస్తే దాని మీది అంకెలు ఫొటో తీసి, ఇలా పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి వాటి జాడ గమనించే (రింగింగ్) సంస్థకు తేదీ, చోటుతో సహా పంపండి.

దగ్గరికి మాత్రం పోవద్దు. ఊరికే లేపిన ప్రతిసారీ అవి కూడబెట్టుకున్న కొవ్వు కరుగుతుంది. నిద్రపోతున్న గుంపులో తలలు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయంటే మిమ్మల్ని చూసేశాయి, ఇక అక్కడి నుంచి మెల్లగా వెనక్కి తగ్గడమే.